జున్నుపాలలో మొదటి వాటా

గేదె ఈనిందని తెలియగానే ఊరు అడిగే మొదటి ప్రశ్న, "ఏం దూడ?" పెయ్య అంటే ముఖాలు విచ్చుకుంటాయి, దున్న అంటే మాట అక్కడితో తెగిపోతుంది. ఒంగోలు జాతి ఆవులున్న ప్రకాశం, గుంటూరు పల్లెల్లో ఒకప్పుడు ఈ లెక్క తిరగబడేది. అరక కట్టడానికి అక్కరకొచ్చే కోడెదూడ పుడితేనే ఇంట్లో సంబరం. ట్రాక్టరు వచ్చాక ఆ ముచ్చటా పోయింది. నేనడిగే ప్రశ్న మాత్రం వేరు. దూడ జున్నుపాలు తాగిందా? ఎప్పుడు తాగింది? రెండు గేదెలూ ఒక ఆవూ ఉన్న ఇంట్లో పాడి నిలుస్తుందో లేదో ఆ జవాబుతోనే తెలిసిపోతుంది.

ఈతకు సిద్ధం కావడం ఆనాటితో మొదలయ్యే పని కాదు. ఆవు సుమారు 280 రోజులు, గేదె సుమారు 310 రోజులు చూలు మోస్తాయి. తొమ్మిది నెలల తొమ్మిది రోజులు, పది నెలల పది రోజులు అని పెద్దవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేదీ దాదాపు ఇంతే. ఈనడానికి రెండు నెలల ముందే పాలు పితకడం మానేయాలి. కడుపులోని దూడ బరువు కట్టేదీ, పొదుగు మళ్లీ తయారయ్యేదీ అప్పుడే. పాలివ్వని పశువుకు తెలగపిండి దండగని కుడితి పలచన చేసే ఇళ్లున్నాయి. ఆ రెండు నెలల్లో మిగిల్చిన తవుడు ఈనాక పాలలో తరుగుతుంది.

పొదుగు దిగి చన్నులు బిగిశాయంటే, తోక మొదట్లో రెండు వైపులా పల్లం పడిందంటే ఈత దగ్గరికొచ్చినట్టే. పాకలో ఎండుగడ్డి పరిచి, పలుపు విప్పి, పక్కకు తప్పుకోవాలి. ఆ తప్పుకోవడమే చాలామందికి చేతకాదు. నీటి సంచి పగిలాక ముందుకాళ్ల గిట్టలు రెండూ, వాటి మీద ఆనిన మూతీ కనిపిస్తే దూడ సరిగ్గానే వస్తోందన్నమాట. సాయం చేయక తప్పకపోతే పశువు ముక్కినప్పుడే, కిందివైపుకు లాగాలి. ఒక్క కాలే బయటికొచ్చినా, తోక కనిపించినా, గంటా రెండు గంటలు గడిచినా ఏమీ రాకపోయినా సొంత వైద్యం మాని డాక్టరును పిలవాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

దూడ నేలమీద పడగానే ముక్కులో, నోట్లో జిగురు తుడవాలి. ఊపిరి అందుకోకపోతే గడ్డిపోచతో ముక్కు గిలకరిస్తే తుమ్ముతుంది. ఆ పైన తల్లి నాకాలి. నాకుడుకు దూడ ఒళ్లు ఆరి, రక్తం పారి, వెచ్చబడుతుంది. తొలిచూలు పశువు బెదిరి దగ్గరికి రాకపోతే దూడ ఒంటి మీద కాస్త తవుడు చల్లే ఉపాయం పాతదే, ఇప్పటికీ పనిచేస్తుంది. బొడ్డును రెండంగుళాలు వదిలి కోసి, టింక్చర్ అయోడిన్ అద్దితే చీము పట్టదు.

ఇక జున్నుపాలు. తల్లి రక్తంలోని రోగనిరోధక శక్తి కడుపులో ఉన్నప్పుడు దూడకు చేరదు, మాయ దాన్ని అడ్డుకుంటుంది. పుట్టిన దూడకు అది జున్నుపాలలోనే అందాలి. పేగు దాన్ని యథాతథంగా పీల్చుకోగలిగేది మొదటి 24 గంటలే, అదీ గంటగంటకూ తగ్గిపోతూ. అందుకే గంటా రెండు గంటల్లోపే తొలి చుక్క లోపలికి వెళ్లాలి. రోజుకు దూడ బరువులో పదో వంతు, అంటే 30 కిలోల దూడకు మూడు లీటర్ల దాకా, మూడు నాలుగు విడతల్లో తాగించాలి. బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఆవిరి మీద పెడితే ఆ పాలు తోడు లేకుండానే గడ్డకడతాయి కదా, అలా బిగుసుకునే మాంసకృత్తుల్లో పెద్ద భాగం దూడను కాపాడేవే. ఇరుగుపొరుగుకు జున్ను పంచే మన అలవాటు నాకిష్టమే, మిరియం ఘాటు తగిలే జున్నంటే ఇంకా ఇష్టం. కానీ గిన్నె పట్టుకుని పొదుగు దగ్గర కూర్చునే ముందు దూడ కడుపు నిండాలి.

మాయ పడేదాకా దూడను తల్లి దగ్గరికి వదలకూడదని చాలా ఊళ్లలో ఒక పట్టింపు. నిజానికి జరిగేది దానికి తలకిందులు. దూడ చన్ను పట్టి కుమ్మితే తల్లి ఒంట్లో ఆక్సిటోసిన్ ఊరుతుంది. పాలు చేపడానికీ, గర్భసంచి ముడుచుకోవడానికీ అదే కారణం. అంటే దూడ కుడవడం మాయ పడటానికి సాయమే. మామూలుగా 12 గంటల్లోపు పడిపోతుంది. వేలాడే మాయకు రాయి కట్టడం, పట్టి లాగడం ప్రమాదం. పడిన మాయను సంచిలో మూటగట్టి, పాలుగారే చెట్టని మర్రికి వేలాడదీసే ఆచారం ఇప్పటికీ ఉంది. పాడి పెరుగుతుందో లేదో గానీ, పశువు తినకుండా, కుక్కలు లాగకుండా దూరం పెట్టిన మాట నిజం. గొయ్యి తీసి పూడిస్తే ఇంకా మేలు.

ఈనిన మూడు రోజుల్లోపు బాగా పాలిచ్చే పశువు ఉన్నట్టుండి కూలబడి, చెవులు చల్లబడి, మెడ పక్కకు వాల్చిందంటే అది పాలజ్వరం. పేరుకే జ్వరం, ఒళ్లు వేడెక్కదు. రక్తంలో సున్నం తగ్గడం వల్ల వస్తుంది. డాక్టరు నరానికి కాల్షియం ఎక్కిస్తే మళ్లీ లేచి నిలబడుతుంది.

గేదెదూడలకు నట్టలు తల్లిపాలతోనే వస్తాయి. పది పదిహేను రోజులకే నట్టల మందు తాగించకపోతే పారుడు పట్టి, వెంట్రుక నిక్కి, కళ్ల ముందే పోతాయి. మట్టి నాకే దూడ మూతికి చిక్కం కడతారు. కట్టొచ్చు, అయితే అది మట్టి ఎందుకు నాకుతోందో కూడా చూడాలి.

దూడకు ఒక చన్ను వదిలేయడం పాత పద్ధతి. డెయిరీకి పోసే ప్రతి లీటరుకూ డబ్బు వస్తున్న ఈ రోజుల్లో ఆ చన్నునూ పితికేస్తున్నారు, దున్నదూడ దగ్గరైతే మొహమాటం లేకుండా. అది ఎండి చచ్చాక గేదె చేపదు. దూడ చర్మంలో గడ్డి కూరి ముందు నిలబెట్టడమో, రోజూ ఆక్సిటోసిన్ సూది పొడవడమో మొదలవుతుంది. పదికి తొమ్మిది సార్లు పెయ్యలే పుట్టేలా వేరుచేసిన వీర్యం ఇప్పుడు దొరుకుతోంది. అయినా ఈలోపు పుట్టిన దున్నకూ తొలి నెలల పాలు దక్కాల్సిందే, కనీసం తల్లి చేపడం కోసమైనా.

పెయ్య అయితే దాని మీద పెట్టింది తిరిగొస్తుంది. సంతలో కొన్న గేదె చూపించిన పాలు ఇంటికొచ్చాక ఇస్తుందన్న పూచీ లేదు. ఇంట పుట్టిన పడ్డకు తల్లి ఎన్ని పాలిచ్చిందో మనకు తెలుసు. చిన్నప్పటి నుంచి చెయ్యి వేసి నిమిరిన పశువు కాబట్టి తొలిచూలులోనే కాళ్లు కట్టకుండా పొదుగు ముట్టనిస్తుంది.