చెక్క నడిచే దారి

పాతకాలపు కుట్టుమిషను బల్ల చాలా ఇళ్లలో చూసిందే. పని అయ్యాక మిషను తల వాల్చి బల్ల కడుపులోకి దించి రెక్క మూస్తే, అది మామూలు బల్ల. పిల్లలు దాని మీదే హోంవర్కు చేసుకోవచ్చు. ఫ్లిప్ టాప్ స్టాండ్ అనే వర్క్‌షాపు బల్ల ఆ ఆలోచనకే కండ పట్టిన రూపం. అటూ ఇటూ రెండు నిలువు పలకలు, వాటి మధ్య ఇనుప కడ్డీ, ఆ కడ్డీయే ఇరుసుగా గిరుక్కున తిరిగే మందపాటి పైపలక. దాని ఒక ముఖానికి ఒక మిషను, రెండో ముఖానికి ఇంకో మిషను బోల్టులతో బిగించి ఉంటాయి. ఒకటి పైకొస్తే రెండోది తలకిందులుగా వేలాడుతుంది. అడుగున బ్రేకులున్న చక్రాలు. కారు గ్యారేజీలో వడ్రంగం చేసుకునే అమెరికా ఔత్సాహికులకు ఇది బాగా పరిచయం. చోటు ఆదా చేసే బల్ల అని దీనికి పేరు. పేరు సరైనదే. ఆదా అయ్యే చోటు ఎక్కడుందన్న విషయంలోనే చాలామంది పొరబడుతున్నారని నా అభిప్రాయం.

లెక్క చూద్దాం. ఇంటి వర్క్‌షాపులో వాడే చిన్న మిషను కూర్చోవడానికి రెండడుగుల చదరం చాలు, అంటే 4 చదరపు అడుగులు. రెండు బల్లలు పోయి ఒకటి మిగిలితే కలిసొచ్చేది కూడా ఆ నాలుగే. ఒక కుర్చీ పట్టేంత చోటు! దానికోసం ప్లైవుడ్ కోసి, ఇరుసు అమర్చి, చక్రాలు కొనడం దండగ. కానీ మిషను ఆక్రమించే చోటు దాని కాళ్ల కింద ఉన్నది మాత్రమే కాదు. తోపడాతో చిత్రిక పట్టే వడ్రంగి దగ్గర చెక్క కదలదు, పనిముట్టు కదులుతుంది. అందుకే అతను వేపచెట్టు కింద కూర్చుని కూడా తలుపు చేయగలడు. మిషను వచ్చి ఈ వరస తిరగేసింది. అది కదలదు, చెక్కే దాని గుండా నడవాలి. ఆరడుగుల చెక్క, దాని మందాన్ని సమం చేసే థిక్‌నెస్ ప్లేనర్‌లోంచి వెళ్లాలంటే ముందు ఆరడుగులు, వెనక ఆరడుగులు, మధ్యలో మిషనుకు రెండు, మొత్తం పద్నాలుగు అడుగుల దారి ఖాళీగా ఉండాలి. ఇరవై అడుగుల గ్యారేజీలో ఇలాంటి దారులు రెండు వేస్తే కారు సంగతి మరిచిపోవడమే. ఫ్లిప్ టాప్ నిజంగా మిగిల్చేది ఈ దారిని, అది కూడా రెండు మిషన్లకూ ఒకే దారి సరిపోయినప్పుడే.

అందుకే ఏ రెండింటిని జత కలుపుతామన్నదే అసలు ప్రశ్న. తరచుగా కనిపించే జత థిక్‌నెస్ ప్లేనర్, మైటర్ రంపం. నా దృష్టిలో ఇది కుదరని సంబంధం. మైటర్ రంపం చెక్కను అడ్డంగా తెగ్గోస్తుంది కాబట్టి చెక్క ఎడమ నుంచి కుడికి పడుకుంటుంది. గోడకు ఆనించినా దాని పని ఆగదు. ప్లేనర్‌కు ముందూ వెనకా ఖాళీ కావాలి. పైగా రంపం పనిలో పదిసార్లు అవసరపడుతుంది, పదిసార్లూ బల్ల తిప్పుతూ కూర్చోలేం. సర్ఫేస్ ప్లేనర్, థిక్‌నెస్ ప్లేనర్ల జత అలా కాదు. వంకర తిరిగిన చెక్కను నేరుగా థిక్‌నెస్ ప్లేనర్‌లో పెడితే రోలర్లు దాన్ని నొక్కి తిన్నగా పంపిస్తాయి, అవతలికి రాగానే అది మళ్లీ తన వంకరకు వస్తుంది. కనుక ముందు సర్ఫేస్ ప్లేనర్ మీద ఒక ముఖం సాపు చేయాలి, ఆ తర్వాతే రెండో ముఖాన్ని దానికి సమాంతరంగా దించాలి. చెక్కలన్నిటికీ మొదటి పని ముగించి, బల్లను ఒక్కసారి తిప్పితే చాలు. సర్ఫేస్ ప్లేనర్ పొట్టిదై, చెక్క రెండింటి మీదా ఒకే దిక్కున నడిచేలా బిగిస్తే దారి కూడా ఒక్కటే. ఈ రెండు పనులనూ ఒకే మిషనులో కలిపి తయారుచేసేవాళ్లకు ఈ బంధుత్వం ఎప్పుడో తెలుసు. అదే కొనుక్కోవచ్చు కదా అంటారా? వాటిలో పెద్దవి మనిషి కదపలేనంత బరువు, ధర కూడా ఇంటివాడి జేబుకు మించింది.

బరువు మాటకొస్తే, ఎదురయ్యే ఆక్షేపణల్లో గట్టిది ఇదే. 38 కిలోల ప్లేనర్ గరిమనాభి ఇరుసుకు 20 సెంటీమీటర్ల దూరంలో, 18 కిలోల సర్ఫేస్ ప్లేనర్‌ది 15 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయనుకుందాం. బరువును దూరంతో గుణిస్తే వచ్చే లబ్ధం ఒకవైపు 760, రెండోవైపు 270. తేడా 490. ఇరుసుకు 30 సెంటీమీటర్ల దూరంలో పలక అంచు పట్టుకుని తిప్పేవారి చేతి మీద, సగం తిరుగుడులో 16 కిలోలకు పైగా పడుతుంది. గడియ తీయగానే బరువైన మిషను తనంతట తానే కిందికి దూకుతుంది, వేళ్లు అడ్డముంటే అంతే. ఏతం వాడినవాళ్లకు తెలిసిన విద్యే ఇక్కడా కావాలి. తేలిక మిషను కింద 10 సెంటీమీటర్ల దిమ్మ వేస్తే దాని లబ్ధం 450కి చేరుతుంది, చేతి మీది భారం 10 కిలోలకు తగ్గుతుంది. అయితే దిమ్మ వేసినకొద్దీ మిషను తిరిగే వలయం పెరుగుతుంది. ఇరుసు నుంచి 40 సెంటీమీటర్ల ఎత్తు, 30 సెంటీమీటర్లు ముందుకు ఉన్న మిషను మూల సరిగ్గా 50 సెంటీమీటర్ల వ్యాసార్ధంలో తిరుగుతుంది. మూలమట్టం సరిచూసుకోవడానికి మేస్త్రీలు వాడే మూడు, నాలుగు, అయిదు లెక్కే. ఇరుసు కింద అంతకన్నా ఎక్కువ ఖాళీ ఉండాలి. బల్ల అంతా తయారయ్యాక మిషను మూల అడుగు పలకకు తగులుతుందని తెలుసుకోవడం కన్నా ముందే అట్టముక్క కత్తిరించి తిప్పి చూడటం మేలు.

తిరిగే బల్ల అదురుతుందన్న అనుమానం సగమే నిజం. అదురు పలకలో కన్నా ఇరుసు రంధ్రం వదులులో ఉంటుంది. మూడు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలు కలిపి అంటిస్తే బిరుసుదనం ఒక్క పలకకు ఇరవై ఏడు రెట్లు. అందులో మధ్య పొర వాటా ఇరవై ఏడో వంతు మాత్రమే, కనుక దాన్ని బోలుగా వదిలి కడ్డీని అందులోంచి పోనిచ్చినా పెద్దగా నష్టం లేదు. పని చేసేటప్పుడు మాత్రం నాలుగు మూలలా పలకను పక్కలకు బోల్టులతో బిగించి తీరాలి. తలుపు గడియతో సరిపెట్టుకుంటే ఆ అనుమానమే నిజమవుతుంది.

రెండు మిషన్లూ ఒకేసారి కావాల్సొస్తే? ఒంటరిగా పనిచేసే ఇంట్లో ఆ అవసరం రాదు, వచ్చినా అమెరికాలో కరెంటు ఒప్పుకోదు. అమెరికా మామూలు సర్క్యూట్ 120 వోల్టుల మీద ఇచ్చే 15 ఆంపియర్లూ అక్కడి ప్లేనర్ ఒక్కటే మింగుతుంది. మన 230 వోల్టుల మీద అదే 1800 వాట్లంటే సుమారు 8 ఆంపియర్లు, చిన్న సాకెట్టు చాలదు, 16 ఆంపియర్లది కావాలి. బల్ల తిప్పేముందు ప్లగ్గు పీకి, మిషను పొట్టలోని పొట్టు ఊడ్చాలి, లేకపోతే అదంతా పాదాల మీదే. పొట్టు చిమ్మే సాండర్‌ను, నిప్పురవ్వలు కక్కే గ్రైండర్‌ను ఒకే బల్లకు బిగించడం మాత్రం ఏ లెక్కనా సమర్థించలేను.

ఇక హైదరాబాదు ఫ్లాటు సంగతి. పదడుగుల బాల్కనీలో మిషనుకు రెండు పోతే అటు నాలుగు, ఇటు నాలుగు మిగులుతాయి. నాలుగడుగుల చెక్కతో పీటలొస్తాయి, చిన్న అల్మారా వస్తుంది, మంచం పట్టె మాత్రం రాదు. పట్టె కావాలంటే తలుపు తెరిచి చెక్కను హాల్లోకి నడిపించాలి. అప్పుడు ఇంట్లోవాళ్ల అనుమతి కూడా లెక్కలో చేరుతుంది.