ఇరుసు మీది తూకం

ధాన్యం కొనుగోళ్ల కాలం రావడంతో, వెనుక దీపమైనా లేని ట్రాలీలు ఎత్తుగా బస్తాలు పేర్చుకుని ఈ వారం రాత్రివేళ రోడ్లెక్కుతున్న తీరు, బయలుదేరే ముందు ట్రాక్టరు డ్రైవరు ఐదు నిమిషాలు ఆగి అన్నీ చూసుకోవాలన్న ఈ శీర్షిక పాత పట్టును మరింత బిగిస్తున్నది.

ఆ తనిఖీలో మొదటిది హిచ్, అంటే ట్రాక్టరుకు ట్రాలీని తగిలించే చోటు. అక్కడి ఇనుప పిన్ను అరగకుండా ఉండడమే కాక, కుదుపులకు పైకి లేచిపోకుండా దానికి లాక్ పిన్ను కూడా పడి ఉండాలి. రెండవది బ్రేకు. దుక్కిలో మలుపు తిరగడానికి వీలుగా ట్రాక్టరు వెనుక చక్రాలకు వేర్వేరు పెడళ్లు ఉంటాయి కనుక, రోడ్డెక్కే ముందు వాటిని లాచ్‌తో కలపకపోతే, ఒక్కదాన్నే తొక్కినప్పుడు బండి పక్కకు గుంజుకుపోతుంది. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులు ఉండవు. వేగం గంటకు 20 కిలోమీటర్ల నుంచి 40కి పెరిగితే, ఆపవలసిన శక్తి నాలుగింతలై ట్రాక్టరు బ్రేకుల మీదనే పడుతుంది.

అయితే బరువు లాగే విద్యలో అసలు పాఠం ఎడ్లబండిది. సరుకు ఇరుసుకు వెనుక ఎక్కువైతే నొగలు పైకి లేచి, కాడికి కట్టిన పలుపులు ఎద్దుల గొంతు నొక్కేవి. ముందు ఎక్కువైతే కాడి మెడల మీద కూర్చునేది. ఎద్దు నడక చూసిన రైతు అక్కడికక్కడే బండి ఆపి, బస్తాలను అటూ ఇటూ జరిపి, కాడి మీద కొద్దిపాటి బరువు మాత్రమే ఆనేలా సరిచేసుకునేవాడు. రెండు చక్రాల ట్రాలీకీ సూత్రం అదే: వెనుక మొగ్గితే హిచ్ పైకి లేచి ట్రాక్టరు వెనుక చక్రాల పట్టు తగ్గుతుంది, ముందు మరీ మొగ్గితే ముందు చక్రాలు తేలి స్టీరింగు మాట వినదు. ఎద్దు బాధను మెడతో చెప్పేది, ఇంజను చెప్పదు.

అందువల్ల డ్రైవరు ఐదు నిమిషాల జాగ్రత్త అవసరమే కాని, అది చాలదు. అతడు సీటెక్కేసరికి ప్రయాణపు భద్రతలో పెద్ద భాగం బస్తాలు పేర్చిన హమాలీల చేతుల్లోనూ, ట్రిప్పుకింతని లెక్కగట్టి తొందరపెట్టే యజమాని మాటలోనూ తేలిపోయి ఉంటుంది. తూకం తప్పిన ట్రాలీని కదపనని చెప్పగల హక్కు డ్రైవరుకు ఉండాలి. దాన్ని దించి మళ్లీ సర్దే వేళకు హమాలీలకు కూలి ముట్టాలి.