బొడ్డుతాడు దగ్గరి కొలత

గాయిటర్, అంటే థైరాయిడ్ వాపు, అనగానే చూపు మెడ మీదికి పోతుంది. హిమాలయాల దిగువన, ఉత్తరప్రదేశ్‌లోని గోండా, దేవరియా, గోరఖ్‌పూర్ జిల్లాల్లో పెద్దవాళ్ల మెడలు చూస్తేనే ఆ నేలలో అయోడిన్ కరువని తెలిసేది. అప్పుడే పుట్టిన బిడ్డ మెడ అలా చెప్పదు. థైరాయిడ్ మందగించిన బిడ్డ కూడా మొదటి రోజుల్లో చాలావరకు మామూలుగానే ఏడుస్తుంది, పాలు తాగుతుంది. మెదడు ఎదగడానికి కావలసిన హార్మోను మాత్రం సరిగ్గా ఆ రోజుల్లోనే చాలదు.

ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన కొచ్చుపిళ్లై, పాండవ్ బృందం 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ఇలాంటి పిల్లల గురించి ప్రచురించిన అధ్యయనంలో నాకు బాగా నచ్చేది, వాళ్లు చూపు నిలిపిన చోటు. మెడ వదిలి బొడ్డుతాడు పట్టుకున్నారు.

తాడులోని రక్తం బిడ్డదే. ఎలాగూ మాయతో పాటు పారేసేదే. సూది గుచ్చే పని లేదు. అంతకన్నా సూక్ష్మమైన సంగతి ఇంకొకటుంది. కడుపులోని వెచ్చదనం వదిలి బయటి చలిలోకి వచ్చిన అరగంటలో బిడ్డ పిట్యూటరీ గ్రంథి, థైరాయిడ్‌ను పురిగొల్పే హార్మోను టీఎస్‌హెచ్‌ను ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. ఆ పొంగు చల్లారడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోపు మడమ గుచ్చి రక్తం తీస్తే ఆరోగ్యంగా ఉన్న బిడ్డ కూడా రోగిలా కనిపించవచ్చు. చల్లారేదాకా ఆగితే పల్లెల్లో ఇల్లిల్లూ వెతుక్కుంటూ తిరగాలి. తాడు కోసే వేళకు పొంగు ఇంకా రాదు.

ఆ రక్తంలో థైరాయిడ్ హార్మోను థైరాక్సిన్, టీఎస్‌హెచ్ రెండూ కొలిచారు. మొదటిది తగ్గి రెండోది పెరిగిందంటే, పైనుంచి ఎంత తొందరపెట్టినా థైరాయిడ్ సరుకు ఇవ్వలేకపోతోందన్నమాట. ఇక్కడ గ్రంథి చెడిపోయి కాదు. ఒక్కో థైరాక్సిన్ అణువుకు నాలుగు అయోడిన్ పరమాణువులు కావాలి. మగ్గం ఉంది, నేతగాడూ ఉన్నాడు, నూలే లేదు.

లోపం తీవ్రంగా ఉన్న చోట్ల వెయ్యి కాన్పులకు 75 నుంచి 115 మంది పిల్లల్లో ఈ మందగింపు కనిపించింది. ఢిల్లీలో 6. గాయిటర్ లేని ప్రాంతంలో 1. ఆ 1 పక్కన లేకపోతే 75 ఎంత పెద్దదో మనకు తెలిసేది కాదు. అలాగని వీళ్లందరికీ జీవితాంతం లోపమే అనుకోకూడదు. కొందరిలో ఇది తాత్కాలికం కావచ్చు.

ఇలా పక్కపక్కన పెట్టి చూడటం నేటి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్డా లోయలో అంతకుముందే జరిగింది. శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామి, సహచరులతో కలిసి 1950లలో ఆ లోయను మూడు భాగాలు చేశారు. రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి ఉత్త ఉప్పు. 1962 నాటికి ఆ రెండు చోట్లా గాయిటర్ తగ్గింది, ఉత్త ఉప్పు తిన్న చోట తగ్గలేదు. అక్కడ ఆ ఏళ్లలో పుట్టిన పిల్లలు ఏం కోల్పోయారో చెప్పే బొడ్డుతాడు పరీక్ష అప్పటికి లేదు. తర్వాత ఆ భాగానికీ అయోడిన్ ఉప్పే పంపారు.