గరికకు బస్తానా, సీసానా?

పావగడ దగ్గరి వల్లూరు రైతుకు బస్తా తెలుసు, ట్యాంకూ తెలుసు. వేరుశనగ ఊడలు దిగే వేళకు ఎకరాకు 200 కిలోల జిప్సం చల్లడం ఒక పని, ఆకు మీద మందు కొట్టడం ఇంకో పని. ఊరి చేలు చాలామటుకు కౌలుకు పోయి అక్కడ 2,050 మెగావాట్ల పావగడ సోలార్ పార్కు వెలిసింది గానీ, ఈ తేడా ఎవరూ మరిచిపోలేదు. క్రికెట్ మైదానాల దగ్గరే ఇది తరచుగా మరుగున పడుతుంది.

ఈ మెట్టలో పచ్చని మైదానమేమిటి అనేవాళ్లు పక్కనున్న అనంతపురం చూడొచ్చు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వారి స్టేడియంలో 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగాయి. దేశంలో వానలు బాగా తక్కువ పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి.

మన మైదానాల్లో ఎక్కువగా పెరిగేది బెర్ముడా. అంటే గరికే. చేలో రైతు పీకలేక విసిగిపోయే గడ్డికి ఇక్కడ మేపు పెట్టాలి. బాగా ఎదిగే నెలల్లో అది చదరపు మీటరుకు నెలకు 5 గ్రాముల దాకా నత్రజని తీసుకుంటుంది. ఎకరాకు లెక్క కడితే 20 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది 20.7 కిలోలు. లెక్క సరిపోయింది.

అదే యూరియాను ఆకు మీద కొట్టాలంటే, ఆకు మాడకుండా 2 శాతం దాటకూడదు. 16 లీటర్ల ట్యాంకుకు 320 గ్రాములు. ఎకరాకు 200 లీటర్లు, అంటే పన్నెండున్నర ట్యాంకులు మోసినా ఆకు మీద పడే యూరియా 4 కిలోలే. ఒక బస్తా బలం అందాలంటే పదకొండుసార్లు కొట్టాలి. నానో యూరియా సంగతి ఇంకా విడ్డూరం: 4 శాతం నత్రజని ఉన్న అర లీటరు సీసాలో ఉండేది సుమారు 20 గ్రాములు. అది బస్తాకు సాటి అన్న ప్రచారాన్ని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వరి, గోధుమలపై చేసిన ప్రయోగాలు బలపరచలేదు.

అలాగని బస్తాలోని గుళికలు తప్పులేనివి కావు. చేత్తో చల్లితే వారం తిరిగేసరికి గడ్డి చారలు చారలుగా లేస్తుంది. వేరుశనగ చేలో ఆ చార ఎవరి కంటా పడదు, మైదానంలో గ్యాలరీ అంతా చూస్తుంది. అందుకే సగం నిలువుగా, సగం అడ్డంగా చల్లాలి. తడి ఆకు మీద వేయకూడదు, వేసిన వెంటనే నీళ్లు పెట్టాలి. ఎండలో వదిలేస్తే యూరియా అమ్మోనియాగా మారి గాలిలో కలుస్తుంది. గుళిక అయినంత మాత్రాన నిదానంగా కరుగుతుందన్నది అపోహ. నిదానం కావాలంటే గంధకం పూతో, పాలిమర్ పూతో ఉండాలి. ఇసుకపాలు ఎక్కువున్న ఎర్రనేలలో బస్తా మొత్తం ఒకేసారి కుమ్మరించి నీళ్లు వదిలితే కొంత వేళ్ల కిందికి జారిపోతుంది. పదిహేను రోజులకు అరబస్తా చొప్పున వేయడమే తెలివి.

ద్రవం పని ఎక్కడంటే, మ్యాచ్‌కు నాలుగు రోజుల ముందు రంగు తేవడానికి, ఇనుము లోపం సరిదిద్దడానికి, ఎక్కువ తొక్కుడుపడి వేళ్లు నలిగిన చోట ఊతమివ్వడానికి. కడుపుకు గుళిక, కళకు ద్రవం.

ఇంకో చిక్కు నీళ్లది. ఈ ప్రాంతపు బోరు నీళ్లలో సున్నం శాతం ఎక్కువుంటే, భాస్వరం కలిపిన ద్రవ ఎరువు ట్యాంకులోనే తెల్లగా విరిగి నాజిల్‌ను మూసేస్తుంది. మైదానం చూసుకునేవాళ్లు సీసా ఆర్డరు పెట్టే ముందు బోరు నీళ్లు, మట్టి రెండూ పరీక్షకు పంపండి. అప్పటిదాకా ఒక బకెట్ నీళ్లలో ఎరువు కలిపి, గంటసేపు పక్కన పెట్టి, తెల్లగా విరిగిందేమో చూడండి.