సమాచార వ్యవస్థల పట్టము: పాఠ్యప్రణాళికలపై ఒక పరిశీలన

కంప్యూటరు శాస్త్రమున పట్టము పుచ్చుకొన్న యువకుడు యంత్రమును గూర్చి చదివెనని అందరును ఎరుగుదురు. బి.కాం. చదివినవాడు వాణిజ్యమును, జమాఖర్చులను గూర్చి చదివెననియు ఎరుగుదురు. ‘సమాచార వ్యవస్థలు’ అను పేరుతో ప్రథమ పట్టము పొందినవాడు దేనిని గూర్చి చదివినట్లు? అమెరికాలోని ఆచార్యులు ఈ ప్రశ్నకు ఏబదియేండ్లకు పైగా సమాధానము వెదకుచున్నారు. ఆ వెదకులాట వరుసగా వెలువడిన ఆదర్శ పాఠ్యప్రణాళికలలో కనబడును. 1973లో జె. డేనియల్ కూగర్ సంపాదకత్వమున ఏ.సి.ఎం. అను కంప్యూటరు వృత్తిసంఘము ప్రకటించిన నివేదిక ప్రథమ పట్టమునకు సంబంధించినంతవరకు వీనికి మూలము. 1997, 2002, 2010, 2020 సంవత్సరముల పేర్లతో తక్కినవి వచ్చినవి. ఒకదాని ప్రక్కన ఒకటి నుంచి చదివినచో, ఒక విద్య తన్ను తాను గుర్తించుటకు ఎంత తడబడినదో తెలియును.

విచిత్రమేమనగా, ఈ విద్య విశ్వవిద్యాలయమున పుట్టలేదు. రొట్టెల కార్ఖానాలో పుట్టినది. లండనులోని లయన్స్ కంపెనీకి తేనీటి దుకాణములు, రొట్టెల కార్ఖానాలు ఉండెడివి. కాగితములు ఏ బల్లమీదినుండి ఏ బల్లమీదికి పోవుచున్నవి, ఏ లెక్క ఎవరికి ఎందుకు కావలెను అని విచారించుటకు ఆ కంపెనీ 1930ల దశకములోనే ఒక ప్రత్యేక శాఖను నెలకొల్పెను. అప్పటికి కంప్యూటరు లేదు. 1951లో ఆ కంపెనీయే ‘లియో’ అను యంత్రమును నిర్మించుకొని, రొట్టెల ఉత్పత్తి విలువ కట్టు పనిని దానికి అప్పగించెను. ప్రోగ్రాములు వ్రాయుటకు ఎంపికైనవారిలో పలువురు ఆ కంపెనీ గుమాస్తాలే. వారిలో నొకడైన ఫ్రాంక్ లాండ్ 1967లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్సునకు పోయి వ్యవస్థల విశ్లేషణను పాఠముగా బోధింప నారంభించెను. అనగా మొదట పని, పిదప యంత్రము, ఆ పిమ్మట తరగతిగది. నేటి పట్టములలో ఈ వరుస చాలవరకు తలక్రిందులైనది.

ఈ విద్యకు తనదైన వస్తువేదియో స్పష్టముగా చెప్పినవాడు స్వీడనుకు చెందిన బోర్యె లాంగెఫోర్స్. దత్తాంశము వేరు, సమాచారము వేరు అని ఆయన వాదించెను. కాగితముమీది అంకె దత్తాంశము మాత్రమే. దానిని చదువువానికి అంతకుముందు ఏమి తెలియునో, చదువుటకు ఎంత వ్యవధి యున్నదో, దానిని బట్టి అది సమాచారమగును. చదువరి మారినచో సమాచారమును మారును.

తెలుగువారి ఇండ్లలో దీనికి ఉదాహరణ దొరకును. ఆంధ్రప్రదేశమున 1998లో ‘కార్డ్’ అను పథకము క్రింద రిజిస్ట్రేషను కార్యాలయములలో కంప్యూటర్లు ప్రవేశించెను. స్థలము కొనువారు అచ్చటినుండి ఇ.సి. తీయింతురు. ఆస్తిపై ఏ లావాదేవీయు లేదని వచ్చినచో సంతోషింతురు. వాస్తవమునకు ఆ కాగితము చెప్పునది ఒక్కటే: అడిగిన గ్రామము, అడిగిన సర్వే నంబరు, అడిగిన సంవత్సరముల క్రింద ఏమియు కనబడలేదని. నమోదు చేయునప్పుడు సర్వే నంబరులో ఒక అంకె తారుమారైనచో తాకట్టు ఉండియు కనబడకపోవచ్చును. ఈ సంగతి ఎరిగిన ప్లీడరుకు అది ఒక సమాచారము. ఎరుగని కొనుగోలుదారునకు మరొక సమాచారము. కాగితము మాత్రము ఒక్కటే.

ఈ దృష్టితో చూచినచో ప్రణాళికల లోపము బయటపడును. 1973 నివేదిక విద్యార్థులకు రెండు మార్గములను చూపెను: ఒకటి సంస్థలవైపు మొగ్గునది, రెండవది సాంకేతికతవైపు మొగ్గునది. తొలి ప్రయత్నము గనుక అది తప్పుకాదు. కాని ఆ చీలిక తరువాతి ప్రణాళికలను కూడ వదలలేదు. కొంత యంత్రము, కొంత నిర్వాహణము కలిపి కుట్టిన బొంతవలె ఈ పట్టము తయారైనది. రెంటి నడుమ నున్న అసలు విషయము, అనగా ఒక అంకె యంత్రమునుండి వెలువడి మనుష్యుని నమ్మికగా మారి అతనిచే ఒక పని చేయించు క్రమము, ప్రధాన పాఠ్యము కాలేదు.

2010 నాటి ప్రణాళిక మరియొక అడుగు ముందుకు, లేక వెనుకకు, వేసెను. అది ఏడు నిర్బంధ పాఠ్యములను నిర్ణయించెను. దత్తాంశముల నిర్వాహణము, వ్యవస్థల విశ్లేషణము, సంస్థ నిర్మాణము మొదలగునవి వానిలో కలవు. ప్రోగ్రాము రచన మాత్రము లేదు. అది ఐచ్ఛికములలో చేరెను. ఈ పట్టము వ్యాపార కళాశాలల గోడలు దాటి ఇతర రంగములకును పోవలెనని కర్తల ఆశయము. ఆ ఆశయము మంచిదే. పైగా ప్రోగ్రాములు వ్రాయు పనులు భారతదేశమువంటి చోట్లకు తరలిపోవుచున్న కాలమది. వ్రాయువారు వేరొకచోట నుండగా తమ విద్యార్థి ఏల వ్రాయవలెనను భావము అప్పుడు వ్యాపించి యుండెను. కాని పది పంక్తుల ప్రోగ్రామునైనను స్వయముగా వ్రాసి, అది తప్పు సమాధానమును ఎంతో ధీమాగా చూపుటను కన్నులార చూచినవానికి యంత్రముపై గ్రుడ్డి నమ్మకము పుట్టదు. ఉద్యోగమునకు ప్రోగ్రాము రచన అక్కరకు వచ్చునా రాదా యనునది చిన్న ప్రశ్న. యంత్రము ఎట్లు పొరపడునో తెలియుటకు అది కావలెను.

దీని మూల్యమెంతయో బ్రిటిషు పోస్టాఫీసు చరిత్ర చెప్పును. అచ్చట 1999 నుండి ‘హొరైజన్’ అను లెక్కల వ్యవస్థ శాఖలలో నెలకొల్పబడెను. యంత్రములోని లెక్కకు, పెట్టెలోని నగదుకు తేడా వచ్చినచో శాఖను నడుపువాడే బాధ్యుడు. 2015 వరకు తొమ్మిదివందల మందికి పైగా దొంగతనము, తప్పుడు లెక్కలు మొదలగు నేరములకు శిక్షింపబడిరి. కొందరు జైలుకు పోయిరి. కొందరు లేని లోటును పూడ్చుటకు ఉన్నది ఊడ్చిపెట్టిరి. ఆ వ్యవస్థలోని లోపములే అట్టి తేడాలు కల్పింపగలవనియు, కల్పించెననియు 2019లో న్యాయస్థానము తేల్చెను. 2024లో పార్లమెంటు చట్టము చేసి ఆ శిక్షలను మూకుమ్మడిగా రద్దుచేసెను.

ఆ లోపములలో ఒకటి విద్యార్థులు తప్పక పరిశీలింపదగినది. 2015లో స్కాట్లండులోని ఒక శాఖ తన ఉపశాఖకు ఎనిమిదివేల పౌనులు పంపెను. ఉపశాఖలో పైకము అందినట్లు నమోదుచేసిన పిమ్మట తెర మారవలెను, మారలేదు. పని పూర్తికాలేదని తలచి మీట మరల మరల నొక్కగా, నొక్కినప్పుడెల్ల యంత్రము క్రొత్తగా ఎనిమిదివేలు జమ వ్రాసెను. నాలుగు నమోదులకు ముప్పదిరెండువేలు. చేతికి వచ్చినది ఎనిమిదివేలే. కన్నుమూసి తెరచునంతలో ఇరువదినాలుగువేల లోటు!

దీనిని పట్టుకొనుటకు ఏ విద్య కావలెను? ప్రతి బదిలీకి ఒక సంఖ్యనిచ్చి, అదే సంఖ్య రెండవసారి వచ్చినచో త్రోసిపుచ్చవలెనని ప్రోగ్రాము తెలిసినవాడు చెప్పును. పంపినవారి పుస్తకములో ఖర్చు ఎనిమిదివేలు, అందుకొన్నవారి పుస్తకములో జమ ముప్పదిరెండువేలు. ఈ రెండు తాళా పడవలెను గదా యని జమాఖర్చులు తెలిసిన గుమాస్తా చెప్పును. తెర మారకున్నచో తొందరలో నున్న మనిషి మరల మీట నొక్కితీరునని కౌంటరువద్ద కూర్చున్నవాడు చెప్పును. ముగ్గురి మాటలును ఒక్క తలలో చేరవలెను. అట్టి తల కొరకే ఈ పట్టము.

లాంగెఫోర్స్ మాటయు ఇచ్చటనే నిలుచును. లోటు చూపు అంకె దత్తాంశము. యంత్రము తప్పు చేయదని ముందే నమ్మినవానికి అది ‘దొంగతనము’ అను సమాచారమయ్యెను. ఆ నమ్మకమునకు శాసనము కూడ తోడుపడెను. కంప్యూటరు సరిగా పనిచేయుచుండెనని నిరూపింపవలెనను 1984 నాటి చట్టనిబంధనను బ్రిటిషు ప్రభుత్వము 1999 చట్టముతో రద్దుచేసెను. అది మొదలు, విరుద్ధముగా సాక్ష్యము లేనంతవరకు యంత్రము సరియైనదేయని న్యాయస్థానములు ఊహించుకొనవలసి వచ్చెను. వ్యవస్థ లోపలి సంగతి ఎరుగని చిల్లర దుకాణదారు ఆ సాక్ష్యమును ఎచ్చటనుండి తేగలడు?

2020 ప్రణాళిక ప్రోగ్రాము రచనను తిరిగి నిర్బంధ పాఠ్యములలో చేర్చెను. ఇది ప్రశంసనీయము. పందొమ్మిది విభాగములలో పదింటిని అది నిర్బంధము చేసినది. భద్రత, నీతి వానిలోనివే. తుదకు విద్యార్థి నిజమైన పని ఒకటి చేయవలెననియు విధించినది. ఐనను కొన్ని మాటలు చెప్పక తప్పదు. పందొమ్మిదింటిలో జమాఖర్చుకు ప్రత్యేక స్థానము లేదు. అమెరికా వ్యాపార కళాశాలలలో అది వేరుగా బోధింపబడును గనుక అచ్చట లోటు తెలియకపోవచ్చును. ప్రణాళికను ఇతర దేశములవారు యథాతథముగా దింపుకొన్నచో తెలియును. చెడిపోయిన వ్యవస్థల చరిత్రకును ప్రత్యేక విభాగము లేదు. వైద్యవిద్యార్థి శవపరీక్షను చూచును. ఈ విద్యార్థి యేల చూడరాదు? ఇక, జ్ఞానము, నైపుణ్యములతోపాటు బాధ్యత, శ్రద్ధవంటి మనోవృత్తులను గూడ సామర్థ్యములో లెక్కించుట క్రొత్త పద్ధతి. వినుటకు బాగున్నది. దానికి మార్కులు వేయు ఉపాయము కనుగొనుట ఉపాధ్యాయునికే వదలివేయబడినది!

తెలుగునాట ఇబ్బంది మరియొక దిక్కునుండి వచ్చుచున్నది. కంప్యూటరు ఇంజనీరింగు చదువువాడు ప్రోగ్రాములు పుష్కలముగా వ్రాయును; కాని ఎవరో పంపిన వివరణ పత్రమే అతని ప్రపంచము. లెడ్జరుగాని, పోస్టాఫీసు కౌంటరుగాని, గిడ్డంగి చిట్టాగాని చూడకయే పట్టభద్రుడగును. బి.కాం.లో కంప్యూటరు అప్లికేషనులు తీసికొన్నవాడు జమాఖర్చును, ప్రోగ్రామును రెంటిని తాకును. తల్లిదండ్రులు రెండవ తరగతి చదువుగా భావించు ఈ పట్టమే సమాచార వ్యవస్థల విద్యకు మిక్కిలి దగ్గరగా నున్నది. ఐనను రెండు పాఠ్యములను ఇద్దరు ఉపాధ్యాయులు రెండు గదులలో చెప్పుదురు. ఒకరి మాట ఒకరి చెవిని పడదు.

పైన చెప్పిన ఎనిమిదివేల పౌనుల లెక్కను బోధించుటకు యంత్రమైనను అక్కరలేదు. ఉన్నత పాఠశాలలో రెండు నోటుపుస్తకములు చాలును. ఒక విద్యార్థి తన పుస్తకములో ఎనిమిదివేలు ఖర్చు వ్రాయును. రెండవవాడు అదే పైకమును తన పుస్తకములో నాలుగుసార్లు జమ వ్రాయును. మూడవవానికి రెండవ పుస్తకమును మాత్రమే ఇచ్చి, పెట్టెలోని నగదు లెక్కించి, దొంగ ఎవరో చెప్పుమని అడుగవలెను. మొదటి పుస్తకమును చూపుమని అతడు తనంతట తాను కోరునో కోరడో గమనింపవలెను.