మనిషికి తగ్గ విల్లు

బెంగళూరు చిక్కపేటలో అడిగితే దొరకని సరుకు లేదంటారు. ధర్మవరం పట్టు, కంచి పట్టు, నాలుగడుగులు వేస్తే బాళేపేటలో వీణలు, తబలాలు. ఇక్కడి చీరల కొట్లలో తలపండినవాళ్లు ముందు మనిషిని చూసి, తర్వాతే మడత విప్పుతారు. విల్లు కొనేటప్పుడు కూడా వరస అదే. ముందు మన ఒడ్డూ పొడుగూ, తర్వాతే విల్లు.

విల్లు అనగానే వేట గుర్తొస్తుంది కాబట్టి ముందు ఒక సంగతి చెప్పుకోవాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశంలో అడవి జంతువులను వేటాడటం నేరం. అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్లు లైసెన్సు తీసుకుని జింకల సీజన్లో విల్లు పట్టవచ్చు. ఇక్కడ మనకున్నది గురిబోర్డే. అయినా విల్లును ఎంచుకునే తెలివి మాత్రం వేటగాళ్ల నుంచి వచ్చిందే.

నల్లమల చెంచులనే చూడండి. వాళ్లది వెదురు విల్లు. గురి చూపే కడ్డీలు, బాణం ఆన్చే దిమ్మలు ఏవీ ఉండవు. పిల్లవాడి చేతికి చిన్న విల్లు, పెద్దవాడి చేతికి పెద్దది. వెదురు లేతదైతే వంగిన చోటే వంగి ఉండిపోతుంది, అందుకే ముదిరి ఆరిన బద్ద కావాలి. పిడికి అటూ ఇటూ ఉన్న రెండు కొమ్మలూ ఒకేలా వంగకపోతే బాణం దారి తప్పుతుంది కాబట్టి బిగువుగా ఉన్న వైపు కొద్దికొద్దిగా చెక్కి సరిచెయ్యాలి. వేట ఆగిపోయినా విల్లు వాళ్ల చేతి నుంచి జారలేదు. కనుమనాడు అహోబిలంలో మొదలయ్యే పారువేటలో చెంచులు ఇప్పటికీ నరసింహస్వామి పల్లకీ వైపు బాణం ఎక్కుపెడతారు. ఆయన వాళ్లకు అల్లుడు మరి!

కొత్తగా కొనేవాళ్లు ఎక్కువగా తప్పేది బరువు దగ్గర. బరువంటే తూకం కాదు, నారి లాగడానికి పట్టే బలం. దీన్ని పౌండ్లలో చెబుతారు. శివధనుస్సు కథ విని పెరిగినవాళ్లం, ఎంత గట్టి విల్లు ఎత్తితే అంత వీరుడనుకుంటాం. నా లెక్కలో మిథిలలో జరిగింది బలపరీక్షే తప్ప గురిపరీక్ష కాదు. ద్రౌపది స్వయంవరంలో మత్స్యయంత్రం పెట్టినవాడికి ఆ తేడా తెలుసు.

పొదలో కూర్చున్న వేటగాడు నారి లాగి, జంతువు పక్కకు తిరిగేదాకా కదలకుండా ఆగాలి. ఆ ఆగడంలో చెయ్యి వణికితే ఎంత బలమున్నా వృథా. కాబట్టి లాగగలిగే బరువు కాదు, లాగి నిలపగలిగే బరువే మీది. పరీక్ష తేలిక. కుర్చీలో కూర్చుని రెండు పాదాలూ నేల మీంచి ఎత్తి, విల్లును ఆకాశం వైపు లేపకుండా నెమ్మదిగా లాగండి. భుజాలు ఎగదన్నినా, నడుము వంకరపోయినా ఆ విల్లు పక్కన పెట్టేయండి. కొత్తగా మొదలుపెట్టే పెద్దవాళ్లకు 20 నుంచి 25 పౌండ్లు చాలు.

విల్లు మీద రాసిన అంకె కూడా అందరికీ ఒకటి కాదు. మామూలు విల్లు మీది పౌండ్లు 28 అంగుళాల లాగుడుకు లెక్కగట్టినవి. రెండు చేతులూ బారచాచి, ఈ కొస నుంచి ఆ కొసకు కొలిచి రెండున్నరతో భాగిస్తే మీ లాగుడు ఉజ్జాయింపుగా తేలుతుంది. బార 65 అంగుళాలైతే లాగుడు 26. అంగుళానికి రెండు మూడు పౌండ్లు తగ్గుతాయి కాబట్టి 40 అని రాసిన విల్లు ఆ చేతిలో 35 దగ్గరే ఆగుతుంది.

పొట్టి విల్లు పొదల్లో చిక్కుకోదు, అందుకే వేటగాళ్లకు ఇష్టం. కానీ పొడుగు చేతులవాళ్లు దాన్ని పూర్తిగా లాగితే చివరి అంగుళాల్లో ఒక్కసారిగా బిగుసుకుంటుంది, నారి వేళ్లను నొక్కేస్తుంది. గురిబోర్డుకు పొడుగు విల్లే హాయి.

ఇక చక్రాల విల్లు, అంటే కాంపౌండ్. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ మూడు బంగారు పతకాలు గెలిచింది ఈ రకంతోనే. లాగుతుంటే మధ్యలో బరువు పూర్తిగా పడి, చివరికి చక్రాలు తిరిగి తేలికవుతుంది. 50 పౌండ్ల విల్లు 80 శాతం వదిలేస్తే చేతిలో నిలిచేది 10 పౌండ్లే. పొదలో వేటగాడికి కావలసింది కూడా ఇదే. అయితే ఎక్కువ రకాల్లో లాగుడు పొడవు యంత్రంలోనే బిగించి ఉంటుంది గనక మీ కొలతకు సర్దించుకోకుండా కొంటే డబ్బు దండగ. అన్నదమ్ములు మార్చి మార్చి వాడుకోవడానికి అలాంటిది పనికిరాదు.

కన్ను సంగతి చాలామంది మరిచిపోతారు. రెండు అరచేతుల మధ్య చిన్న సందు చేసి దూరంగా ఉన్న గడియారాన్ని చూడండి. ఏ కన్ను మూసినప్పుడు గడియారం మాయమవుతుందో అదే మీ గురికన్ను. అది ఎడమదైతే, కుడిచేతివాటం ఉన్నా ఎడమచేత్తో నారి లాగే విల్లు పట్టి చూడటం మంచిది.

కొట్లో ప్రయత్నించేటప్పుడు బాణం లేకుండా నారి లాగి ఠక్కున వదలకండి. బాణానికి పోవలసిన శక్తంతా కొమ్మల్లోకే తిరిగొచ్చి, కొత్త విల్లయినా అక్కడికక్కడే పగలవచ్చు. లాగండి, ఆపి చూడండి, మెల్లగా వెనక్కి వదలండి. బాణాలు మాత్రం విల్లు ఖాయమయ్యాకే కొనాలి. ఎంత వంగే బాణం కావాలో చెప్పేది ఆ విల్లు బరువూ మీ లాగుడూ కాబట్టి.