విడుదల కాని ఆటకు విలువ కట్టుట

హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతములలో కొబ్బరికాయ కొట్టి ప్రారంభించిన ప్రతి చిత్రమును థియేటరుకు చేరదు. నందమూరి బాలకృష్ణ తొలిసారి దర్శకత్వము చేపట్టిన ‘నర్తనశాల’ అట్లు ఆగిపోయినదే. 2004 ఏప్రిల్‌లో ద్రౌపది పాత్రధారిణి సౌందర్య విమాన ప్రమాదమున మరణించుటతో ఆ చిత్రము నిలిచిపోయినది. తీసినంతవరకు గల సన్నివేశములు సుమారు 17 నిమిషముల నిడివితో 2020 అక్టోబరులో, దసరా సమయమున, ఇంటర్నెట్ ద్వారా ప్రేక్షకులకు చేరినవి.

ఇట్టి అసంపూర్ణ కృతిని ఏ కొలతతో కొలువవలెను? ఈ ప్రశ్న సినిమాకే గాక వీడియో ఆటలకును వర్తించును. అందుకు చక్కని ఉదాహరణము జపానులో తయారైన ‘బౌండ్ హై’ అను ఆట.

నింటెండో కంపెనీ 1995లో ‘వర్చువల్ బాయ్’ అను యంత్రమును విడుదల చేసినది. దానిని రూపొందించినవాడు గున్‌పేయ్ యొకోయ్. బల్లపై నిలిపిన పెట్టెలోనికి రెండు కన్నులతో తొంగిచూచి ఆడవలెను. ఒక్కొక్క కంటికి 224 ఎర్రని ఎల్.ఇ.డి. దీపముల నిలువు వరుస ఒకటి కలదు. దాని యెదుట చిన్న అద్దము సెకనుకు 50 సార్లు ఊగును. దీపావళినాడు కాకరపువ్వొత్తిని గిరగిర త్రిప్పినప్పుడు వెలుగు చక్రమువలె కనబడును గదా! అట్లే ఈ ఒక్క వరుసయే కంటికి పూర్తి బొమ్మగా తోచును. రెండు కన్నులకును కొద్ది భేదముతో రెండు బొమ్మలు చేరగా, మెదడు వానిని కలిపి లోతును గ్రహించును.

సూత్రము చక్కనిదే. కాని ఎరుపు, నలుపు తప్ప వేరు రంగు లేదు. మెడ వంచి చూడవలెను, కన్ను అలయును. అమ్ముడైనవి 8 లక్షలకు లోపే. ఏడాది తిరుగకుండగనే కంపెనీ దానిని విరమించుకొన్నది. వెలువడిన ఆటలు మొత్తము 22 మాత్రమే. 1996లో రావలసిన ‘బౌండ్ హై’ ఆ విధముగా మరుగున పడినది.

ఈ ఆటలో చాల్వో అను బంతి రూపపు మరమనిషి ఎగురుచు, శత్రువులపై దుముకుచుండును. ఆడువాడు పైనుండి క్రిందికి చూచును. బంతి ఎగిరినప్పుడు కంటికి చేరువగును, పడునప్పుడు దూరమగును. నేల తప్పినచో అగాధములో పడును. ఆ యంత్రముపై వచ్చిన ‘మారియోస్ టెన్నిస్’ను ఒక కన్ను మూసికొని కూడ చాలవరకు ఆడవచ్చును, అందు లోతు అలంకారము. ‘బౌండ్ హై’లో లోతే ఆటకు ప్రాణము. యంత్రము ఏ గుణము కొరకు పుట్టినదో ఆ గుణమును ఇంత సూటిగా వాడుకొన్న ఆట అమ్మకమునకే రాకపోవుట విచారకరము.

అట్లని దోషములు లేకపోలేదు. దుముకుట అను ఒక్క పనియే మరల మరల వచ్చుచు కొంతసేపటికి విసుగు కలిగించును. ఎరుపు ఛాయల నడుమ దూరమును అంచనా కట్టుట కంటికి శ్రమ. విడుదల కాలేదను జాలితో ఈ లోపములను కప్పిపుచ్చుట విమర్శ కాదు. పూర్తియైన ఆటతో పోల్చి కొట్టివేయుటయు న్యాయము కాదు. అది ఏ సమస్యను ఎత్తుకొన్నది, ఎంతవరకు సాధించినది అని అడుగుటయే సరియైన పద్ధతి. ప్రయోగశాల పుస్తకమును ఉపాధ్యాయుడు దిద్దునది అట్లే గదా!

అయితే విమర్శించుటకు ముందు వస్తువు మిగిలి యుండవలెను. నమూనా ఆటలను తరచు ఈప్రామ్ అను చిప్పులలో వ్రాసెడివారు. అందు సమాచారము విద్యుదావేశ రూపమున నిలుచును. ఆ ఆవేశము ఏండ్ల తరబడి మెల్లగా కారిపోవును. అతినీలలోహిత కిరణములు తగిలినచో త్వరలోనే చెరిగిపోవును. ‘బౌండ్ హై’ దక్కినది దాని సోర్స్ కోడ్ లభించుటవలన. దానినుండి ఆటను మరల నిర్మించి, 2010లో అభిమానులు కార్ట్రిడ్జ్‌గా వెలువరించిరి.

ఫిల్ము రీలుకును ఇట్టి ఆపద కలదు. అసిటేట్ ఫిల్ము వేడికి, తేమకు విఘటనము చెంది పుల్లని వాసన వేయును. అయినను చెడని ఫిల్మును వెలుగుకు పట్టి చూచినచో బొమ్మ కనబడును. చిప్పును పట్టి చూచిన ఏమియు కనబడదు. చిప్పులోని సమాచారముతోబాటు దానిని ఆడించు యంత్రమునుకూడ కాపాడవలెను. చలనచిత్ర పరిరక్షణపై 2019 డిసెంబరులో హైదరాబాదు అన్నపూర్ణ స్టూడియోస్‌లో శిక్షణ శిబిరము జరిగినది. నేడు చిత్రములలోని దృశ్యములు కంప్యూటరులో పుట్టుచున్నవి గనుక, ఫిల్మ్‌నగర్ అసంపూర్ణ కృషియు ఫైళ్ళ రూపముననే మిగులును. రీలుకు చూపు శ్రద్ధ ఫైలుకును చూపనిచో, రేపటి విమర్శకునికి విలువ కట్టుటకు వస్తువే యుండదు.